హాల్లో స్పీకరు, గదిలో కీబోర్డు: సౌండ్ సర్వర్‌ను కమాండ్లతో నడిపే తీరు

హాల్లో టీవీ బల్ల కింద రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది. దానికి స్పీకర్లు తగిలించి ఉంటాయి. మానిటర్ ఉండదు, మౌస్ ఉండదు. పాట మాత్రం పక్క గదిలోని ల్యాప్‌టాప్‌లో మొదలై ఆ స్పీకర్లలో వినపడాలి. మధ్యలో ఉన్నది ఇంటి వైఫై ఒక్కటే. లినక్స్ వాడేవాళ్లు ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, కంప్యూటర్ ల్యాబుల్లో కోరుకునే ఏర్పాటు ఇది. దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ చాలావరకు సిస్టంతో పాటే వస్తుంది, లేనిది ఉచితంగా దొరుకుతుంది. కానీ నొక్కడానికి బటన్లు లేవు కాబట్టి ఏం కావాలన్నా కమాండ్ లైన్ మీదే చెప్పాలి.

ఎక్కడో దొరికిన రెండు లైన్లు కాపీ చేసి పెడితే పాట వచ్చేస్తుంది. వచ్చింది కదా అని ఆ మెషీన్‌ను అలాగే వదిలేస్తారు. ఆ రెండు లైన్లు స్పీకరుతో పాటు ఇంకేం తెరిచాయో చూసేవాళ్లు తక్కువ. మెషీన్‌లో శబ్దం రాకపోకలన్నీ చూసే ప్రోగ్రాం సౌండ్ సర్వర్. దానికి నోరూ ఉంది, చెవీ ఉంది. నెట్‌వర్క్‌కు తలుపు తీస్తే రెండూ ఒకేసారి బయటపడతాయి. అందుకే ఏ కమాండ్ దేన్ని కదుపుతుందో తెలుసుకుని వాడాలి.

లినక్స్‌లో సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడే పొరను అల్సా అంటారు. ఒక ప్రోగ్రాం కార్డును పట్టుకుంటే రెండోది ఎదురుచూడాల్సి రావడం పాత రోజుల్లో మామూలే. ఆ చిక్కు తీర్చడానికి ప్రోగ్రాములకూ కార్డుకూ మధ్య ఒక సర్వర్‌ను కూర్చోబెట్టారు. ప్రోగ్రాములన్నీ శబ్దాన్ని సర్వర్‌కు ఇస్తాయి, సర్వర్ వాటిని కలిపి కార్డుకు పంపుతుంది. ఈ తరహాలో బాగా నిలదొక్కుకున్నది పల్స్‌ఆడియో. లెనార్ట్ పోటరింగ్ 2004లో పాలీప్‌ఆడియో అన్న పేరుతో మొదలుపెట్టాడు, 2006లో ఇప్పటి పేరు వచ్చింది. లినక్స్ రకాల్లో 2007 చివర్లో ఫెడోరా 8, మరుసటి ఏడాది ఉబుంటు 8.04 దాన్ని డీఫాల్ట్‌గా తీసుకున్నాయి. ప్రోగ్రాం సర్వర్‌తో మాట్లాడుతుందే తప్ప కార్డుతో కాదు కాబట్టి, ఆ సర్వర్ ఇదే మెషీన్‌లో ఉన్నా, పక్క గదిలో ఉన్నా ప్రోగ్రాంకు తేడా తెలియదు. నెట్‌వర్క్ మీద శబ్దం పంపడం సాధ్యమైంది దీనివల్లే.

కమాండ్ల జోలికి వెళ్లేముందు నాలుగు మాటలు తెలియాలి. శబ్దం చివరికి వెళ్లి పడే చోటు సింక్. వంటింట్లో నీళ్లు వెళ్లిపోయే సింక్ లాంటిదే అనుకుంటే గుర్తుంటుంది. స్పీకరు ఒక సింక్, హెడ్‌ఫోన్ ఒక సింక్. శబ్దం పుట్టే చోటు సోర్స్, అంటే మైక్ లాంటిది. ఒక ప్రోగ్రాం వదిలే ధార పేరు సింక్ ఇన్‌పుట్. బ్రౌజర్‌లో వీడియో నడుస్తుంటే అదొకటి, ప్లేయర్‌లో పాట నడుస్తుంటే ఇంకొకటి. ఒక ప్రోగ్రాం మైక్ నుంచి తీసుకునే ధార సోర్స్ అవుట్‌పుట్. పేర్లు తలకిందులుగా అనిపిస్తాయి కానీ సర్వర్ వైపు నుంచి చూస్తే సరిగ్గానే ఉన్నాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రతి సింక్‌కూ ఒక మానిటర్ సోర్స్ జతగా ఉంటుంది. స్పీకరులో ఏం మోగుతోందో దాన్ని ఆ మానిటర్ నుంచి రికార్డు చేసుకోవచ్చు. దీని సంగతి మళ్లీ వస్తుంది.

రోజూ చేతిలో ఉండే పనిముట్టు పీఏసీటీఎల్. కమాండ్లన్నీ ఇక్కడ పలికే తీరులోనే ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు వాడాలి, ఒకే పనిని లేదా ఒకే పేరును చెప్పే మాటల మధ్య హైఫన్ పెట్టాలి. మొదట కొట్టాల్సింది «పీఏసీటీఎల్ ఇన్ఫో». ఏ సర్వర్‌తో మాట్లాడుతున్నామో, దాని వెర్షన్ ఏమిటో, డీఫాల్ట్ సింక్ ఏదో చెబుతుంది. తర్వాత «పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్స్». ఒక్కో సింక్‌కు ఒక్కో వరుస వస్తుంది. నంబరు, పొడవాటి పేరు, నడిపే మాడ్యూల్ (సర్వర్‌కు తగిలించే చిన్న భాగం), శబ్దం ఫార్మాట్, చివర్లో దాని స్థితి ఉంటాయి. ఆ చివరి మాట చాలామందికి టెన్షన్ పెడుతుంది. «సస్పెండెడ్» అని ఉంటుంది. అది చూసి స్పీకరు చెడిపోయిందేమో అనుకుని డ్రైవర్లు మార్చడం మొదలుపెడతారు. నిజానికి అది జబ్బు కాదు, నిద్ర. కొన్ని సెకన్ల పాటు శబ్దమేమీ రాకపోతే సర్వర్ ఆ కార్డును పడుకోబెడుతుంది. పాట మొదలవగానే «రన్నింగ్» అని మారుతుంది. పాట నడుస్తున్నప్పుడు కూడా సస్పెండెడ్ అనే ఉంటే, ఆ పాట వేరే సింక్‌కు వెళుతోందని అర్థం. అప్పుడు వెతకాల్సింది డ్రైవర్‌ను కాదు, ధార ఎటు పోతోందన్నది.

మానిటర్ లేని మెషీన్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా భద్రంగా లాగిన్ చేయించే ప్రోగ్రాంతో వెళ్లి ఈ కమాండ్లు కొట్టినప్పుడు «కనెక్షన్ రెఫ్యూజ్డ్» అని వస్తే, చాలావరకు తప్పు కమాండ్‌లో ఉండదు. సౌండ్ సర్వర్ మామూలుగా మెషీన్ అంతటికీ ఒకటి కాదు, ఒక్కో యూజర్‌కు ఒక్కోటి. పర్మిషన్ సమస్యేమో అనుకుని ముందు «సుడో» తగిలిస్తే పని ఇంకా చెడుతుంది. అప్పుడు అడుగుతున్నది మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న రూట్ యూజర్ సర్వర్‌ను, అదేమో లేదు. ఏ యూజర్ పేరు మీద సర్వర్ నడుస్తోందో ఆ యూజర్‌గానే లాగిన్ కావాలి. ఎవరూ లాగిన్ కాకపోయినా సర్వర్ నడవాలంటే «లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్ లింగర్» అన్న కమాండ్‌తో ఆ యూజర్ సర్వీసులను ఎప్పుడూ బతికి ఉండేలా చేయవచ్చు. మెషీన్ అంతటికీ ఒకే సర్వర్‌ను నడిపే సిస్టమ్ మోడ్ అని ఇంకో పద్ధతి ఉంది కానీ, మామూలు వాడకానికి అది వద్దని పల్స్‌ఆడియో తయారుచేసినవాళ్లే చెబుతారు. ఆ మాట వినడం మంచిది.

వాల్యూమ్ దగ్గర కాస్త ఆగాలి. «పీఏసీటీఎల్ సెట్ సింక్ వాల్యూమ్» తర్వాత సింక్ పేరు, తర్వాత 40% అని ఇస్తే సరిపోతుంది. పొడవాటి పేరు ఎందుకనుకుంటే, డీఫాల్ట్ సింక్ అన్న మాటను పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాసి రెండు వైపులా @ గుర్తు పెడితే చాలు. +5% అంటే ఇప్పుడున్న దానికి కలుపుతుంది, -5% అంటే తగ్గిస్తుంది. 40% పెట్టాక పూర్తి లిస్టు చూస్తే వాల్యూమ్ వరుసలో మూడు అంకెలు పక్కపక్కనే కనబడతాయి: 26214, 40%, -23.88 డెసిబెల్. మొదటిది సర్వర్ లోపల వాడే లెక్క. అక్కడ 65536 అంటే 100%. మూడోది కొంచెం ఆశ్చర్యం కలిగిస్తుంది. 50% పెడితే తగ్గేది సుమారు 18 డెసిబెళ్లు. శాతాన్ని నేరుగా గుణించకుండా ఘనం చేసి వాడటం వల్ల ఇలా వస్తుంది. మనిషి చెవికి శబ్దం పెరగడం, తగ్గడం తెలిసే తీరుకు అది దగ్గరగా ఉంటుంది కాబట్టి అలా పెట్టారు. ఈ సంగతి తెలియక సర్వర్‌లో 50%, ప్లేయర్‌లో 50% పెట్టుకుని స్పీకరు వీక్‌గా ఉందనుకునేవాళ్లున్నారు. రెండు తగ్గింపులూ కలిసి 36 డెసిబెళ్లు అయిపోయాయి మరి. 100% దాటి కూడా పెట్టవచ్చు, సర్వర్ ఆపదు. శబ్దం గరగరలాడటం అక్కడే మొదలవుతుంది.

ఒక ప్రోగ్రాం ధారను ఒక సింక్ నుంచి ఇంకో సింక్‌కు మళ్లించడం ఈ వ్యవస్థలో అన్నిటికన్నా అందమైన పని. «పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్ ఇన్‌పుట్స్» కొడితే నడుస్తున్న ధారలు నంబర్లతో వస్తాయి. పాట నంబరు 27 అనుకుంటే, «మూవ్ సింక్ ఇన్‌పుట్ 27» అని, పక్కన వెళ్లాల్సిన సింక్ పేరు రాస్తే పాట ఆగకుండానే హెడ్‌ఫోన్ నుంచి స్పీకరుకు మారిపోతుంది. పొలంలో ఒక మడికి నీళ్లు కట్టి, నిండాక గట్టు తెగ్గొట్టి పక్క మడికి మళ్లించినట్టు ఉంటుంది. ఆ మళ్లింపును సర్వర్ గుర్తుపెట్టుకుంటుంది. రేపు అదే ప్లేయర్ తెరిస్తే శబ్దం నేరుగా అక్కడికే పోతుంది. డీఫాల్ట్ సింక్ మార్చినా ఒక్క ప్రోగ్రాం మాత్రం మాట వినకపోతే కారణం ఈ జ్ఞాపకమే అయ్యుంటుంది.

ఇప్పుడు నెట్‌వర్క్ సంగతి. రాస్ప్‌బెర్రీ పై మీద ఉన్న సర్వర్ మామూలుగా బయటివాళ్ల మాట వినదు. వినాలంటే నెట్‌వర్క్‌కు తలుపు తీసే టీసీపీ మాడ్యూల్‌ను ఎక్కించాలి. దాని పేరు «మాడ్యూల్ నేటివ్ ప్రోటోకాల్ టీసీపీ», వాడే పోర్టు, అంటే ఆ తలుపు నంబరు, 4713. «పీఏసీటీఎల్ లోడ్ మాడ్యూల్» తర్వాత ఆ పేరు, ఆపైన ఎవరిని రానివ్వాలో చెప్పే «ఆథ్ ఐపీ ఏసీఎల్» వరుస. దానిలో 127.0.0.1 అని, సెమీకోలన్ పెట్టి, 192.168.1.0/24 అని రాస్తారు. అంటే ఈ మెషీన్, ఇంటి నెట్‌వర్క్‌లోని మెషీన్లు మాత్రమే రావచ్చన్నమాట.

ఇక్కడ పొంచి ఉన్న చిన్న గుంట ఆ సెమీకోలన్. కొట్టిన కమాండ్లను చదివి నడిపే షెల్‌కు సెమీకోలన్ అంటే కమాండ్ అయిపోయిందని అర్థం. కొటేషన్లు లేకుండా కొడితే షెల్ ఆ లైన్‌ను రెండు ముక్కలు చేస్తుంది. మొదటి ముక్కతో మాడ్యూల్ ఎక్కిపోతుంది, కానీ 127.0.0.1కి మాత్రమే అనుమతితో. రెండో ముక్క అయిన 192.168.1.0/24ను షెల్ ఒక ప్రోగ్రాం పేరు అనుకుని వెతికి, అలాంటి ఫైలు లేదని చెబుతుంది. స్క్రీన్ మీద మాడ్యూల్ నంబరు వచ్చింది కాబట్టి పని అయిందనుకుంటారు, ల్యాప్‌టాప్ నుంచి మాత్రం తలుపు తెరుచుకోదు. విసిగిపోయి, అన్ని అడ్డంకులూ తీసేసే «ఆథ్ అనానిమస్=1» పెట్టేస్తారు. వెంటనే పాట వస్తుంది. తలుపు బార్లా తెరిచిపెట్టే ఆ వరుస ఇన్ని మెషీన్లలో మిగిలిపోవడానికి ఇలాంటి విసుగే కారణం కావచ్చు. కావలసిందల్లా ఆ మొత్తం వరుసకు రెండు వైపులా కొటేషన్ గుర్తులు.

అనానిమస్ పెడితే ఏమవుతుందో వివరంగా చెప్పుకోవాలి. పల్స్‌ఆడియోలో లోపలికి వచ్చిన క్లయింట్‌కు పాట వాయించే హక్కు వేరు, మైక్ వినే హక్కు వేరు అన్న విభజన లేదు. వస్తే మొత్తంగా వచ్చినట్టే. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా «పీఏరికార్డ్» కమాండ్‌కు ఆ మెషీన్ అడ్రసు ఇచ్చి, మైక్ ఉంటే గదిలో మాటలను తమ దగ్గర ఫైలుగా రాసుకోవచ్చు. మైక్ లేకపోతే? పైన చెప్పిన మానిటర్ సోర్స్ ఉంది. స్పీకరులో వచ్చే వీడియో కాల్ అవతలి గొంతు దాని నుంచి దొరుకుతుంది. మైక్‌ను మ్యూట్ చేసి పెడితే సరిపోతుందనుకోవడం భ్రమ. పీఏసీటీఎల్‌తో వేసిన తాళం బయటివాళ్ల పీఏసీటీఎల్‌తోనే తెరుచుకుంటుంది. కొత్త మాడ్యూళ్లు ఎక్కించడం కూడా వాళ్ల చేతిలో పనే. హాస్టల్ వైఫై, ఆఫీసు వైఫై, నలుగురు అద్దెకుండే ఇంట్లో ఒకే రౌటర్ ఉన్న చోట్ల ఈ వరుస పెట్టడం నిర్లక్ష్యం కాదు, తప్పు. అక్కడ మాట్లాడే మనుషులకు తమ గొంతు బయటికి పోతోందని తెలిసే దారే లేదు.

దీనికన్నా మేలైన మార్గం కుకీ. యూజర్ హోమ్ ఫోల్డర్‌లో, కాన్ఫిగ్ కింద పల్స్ అనే ఫోల్డర్‌లో కుకీ అన్న 256 బైట్ల ఫైలు ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై నుంచి దాన్ని ల్యాప్‌టాప్‌కు కాపీ చేస్తే, ఆ ఫైలు ఉన్నవాళ్లకే ప్రవేశం. ఐపీ అనుమతి ఇచ్చిన నెట్‌వర్క్‌లో కుకీ అడగరు కాబట్టి, కుకీ మీద ఆధారపడాలంటే ఆ అనుమతి వరుస ఇవ్వకూడదు. అయితే ఒక లోటుంది. ఈ ప్రోటోకాల్‌లో కుకీ గానీ శబ్దం గానీ ఎన్‌క్రిప్ట్ కాకుండానే, అంటే దారిలో ఎవరైనా చదవగలిగేలానే వెళ్తాయి. నమ్మకం లేని నెట్‌వర్క్‌లో నిలిచేది ఎస్‌ఎస్‌హెచ్ సొరంగమే. రాస్ప్‌బెర్రీ పై మీద టీసీపీ మాడ్యూల్‌ను «లిజెన్=127.0.0.1» అని ఎక్కిస్తే బయటికి తలుపే కనబడదు. ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎల్ ఆప్షన్ ఇచ్చి, ఇక్కడి 4714ను అక్కడి 4713కు కలపాలి. ఆపైన ల్యాప్‌టాప్ ప్రోగ్రాములు తమ దగ్గరి 4714తోనే మాట్లాడతాయి, మిగతాది ఎస్‌ఎస్‌హెచ్ చూసుకుంటుంది. అయిదు నిమిషాల పని అంతే.

ల్యాప్‌టాప్ వైపు రెండు దారులున్నాయి, రెండూ ఒకటి కాదు. మొదటిది «పల్స్ సర్వర్» అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. పేరు పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాసి, విలువగా రాస్ప్‌బెర్రీ పై అడ్రసు ఇవ్వాలి. దాని వెనక ఏ ప్రోగ్రాం పేరు రాస్తే అది నేరుగా పై సర్వర్‌తో మాట్లాడుతుంది. ఉదాహరణకు రాసింది చదివి వినిపించే, తెలుగు గొంతు కూడా ఉన్న ఈస్పీక్ ఎన్‌జీకి «వీ» ఆప్షన్‌లో తెలుగు కోడ్ ఇచ్చి, «అన్నం చల్లారిపోతోంది, రండి» అన్న వాక్యం ఇస్తే, ఆ మరగొంతు ల్యాప్‌టాప్‌లో కాకుండా హాల్లో పలుకుతుంది. ఇలా ఒక్కో ప్రోగ్రాంకు విడివిడిగా చెప్పడానికి ఈ దారి బాగుంటుంది. కానీ వీడియో కాల్‌కు ఇది పనికిరాదు. ఆ ప్రోగ్రాం మైక్‌ను కూడా పై దగ్గరే వెతుక్కుంటుంది, ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్ మైక్ దానికి కనబడదు.

రెండో దారి «మాడ్యూల్ టనెల్ సింక్». దాన్ని ల్యాప్‌టాప్ సర్వర్‌లో ఎక్కించి, సర్వర్ అడ్రసుగా పైని చూపిస్తే, సింకుల లిస్టులో కొత్తగా ఒకటి చేరుతుంది. హాల్లో స్పీకరు ల్యాప్‌టాప్‌కు తగిలించినట్టే ఉంటుంది. మైక్ ఇక్కడిదే, శబ్దం మాత్రం అక్కడికి. ఇందాకటి మూవ్ కమాండ్‌తో పాటను గదిలో నుంచి హాల్లోకి, మళ్లీ వెనక్కి మళ్లించవచ్చు. రోజువారీ వాడకానికి ఇదే సరైనది.

శబ్దం దారిలో కుదించుకోకుండా పూర్తి సైజులోనే వెళుతుంది. సెకనుకు 44100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. గుణిస్తే సెకనుకు 14 లక్షల 11 వేల 200 బిట్లు, గంటకు సుమారు 635 మెగాబైట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3తో పోలిస్తే పదకొండు రెట్లు. ఇంటి వైఫైకి ఇది బరువు కాదు, మొబైల్ డేటా మీద మాత్రం ఆలోచించుకోవాలి. నాలుగు గదుల్లో ఒకేసారి మోగాలంటే నెట్‌వర్క్ మీద శబ్దం పంపే ఆర్‌టీపీ మాడ్యూళ్లు ఉన్నాయి. కానీ అవి మామూలుగా మల్టీకాస్ట్‌లో, అంటే ఒకే ధారను ఒకేసారి అందరికీ పంపుతాయి. చాలా వైఫై రౌటర్లు మల్టీకాస్ట్‌ను అతి తక్కువ వేగంలో పంపడం వల్ల ఇంట్లో ఇంటర్నెట్ మొత్తం నత్తనడక నడుస్తుంది. వైర్ లేకుండా ఆ ప్రయోగం వద్దు. గడియారాల తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏ రెండు సౌండ్ కార్డులూ సెకనును సరిగ్గా ఒకేలా కొలవవు. సెకనుకు ఒక్క శాంపిల్ తేడా ఉన్నా గంటలో 3600 శాంపిళ్లు, అంటే సుమారు 82 మిల్లీసెకన్లు. సర్వర్ వేగాన్ని కాస్త అటూ ఇటూ సర్దుకుంటూ పోతుంది కాబట్టి ఇది చెవికి తెలియదు.

లోడ్ మాడ్యూల్‌తో ఎక్కించినవన్నీ సర్వర్ ఆగేవరకే. రీస్టార్ట్ చేస్తే పోతాయి. ప్రయోగాలు చేసేటప్పుడు ఇది మంచి రక్షణ. ఏం పాడుచేసినా రీస్టార్ట్‌తో మొదటికొస్తుంది. నిలిచి ఉండాలంటే «డీఫాల్ట్ డాట్ పీఏ» అన్న ఫైలులో రాయాలి. అసలుది ఈటీసీ కింద పల్స్ ఫోల్డర్‌లో ఉంటుంది, యూజర్ తన కాపీని తన కాన్ఫిగ్ ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. యూజర్ కాపీ ఉంటే సర్వర్ అసలు ఫైలును చూడనే చూడదు. ఆ సంగతి తెలియక తన ఫైలులో ఒక్క టీసీపీ లైన్ రాసి వదిలేస్తే, సౌండ్ కార్డును గుర్తించే లైన్లన్నీ అసలు ఫైలులోనే ఉండిపోయి, రీస్టార్ట్ తర్వాత ఇంట్లో నిశ్శబ్దం. మొదటి లైన్‌గా «డాట్ ఇన్‌క్లూడ్» అని, పక్కన అసలు ఫైలు దారి రాస్తే అన్నీ తిరిగొస్తాయి. ఈ ఫైలు షెల్ చదివేది కాదు కాబట్టి ఇక్కడ సెమీకోలన్‌కు కొటేషన్లు అక్కర్లేదు.

ఇదంతా పల్స్‌ఆడియో గురించే అయినా, ఇప్పుడు కొత్త మెషీన్లలో నడుస్తున్నది పైప్‌వైర్. రెడ్ హ్యాట్‌లో విమ్ టేమన్స్ మొదలుపెట్టిన దీన్ని 2021లో ఫెడోరా 34 శబ్దానికి డీఫాల్ట్ చేసింది. 2022లో ఉబుంటు 22.10, 2023లో డెబియన్ అనే లినక్స్ బుక్‌వార్మ్ వెర్షన్ ఆధారంగా వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ అదే దారి పట్టాయి. నేర్చుకున్నది వృథా కాలేదు. పైప్‌వైర్ పక్కనే పల్స్‌ఆడియో భాష మాట్లాడే సర్వీసు ఒకటి నడుస్తుంది, పీఏసీటీఎల్ దానితో మాట్లాడుతుంది. ఇన్ఫో కమాండ్‌లో సర్వర్ పేరు దగ్గర «పల్స్‌ఆడియో ఆన్ పైప్‌వైర్» అని కనబడితే అదే నడుస్తోందన్నమాట. పల్స్‌ఆడియోకే చెందిన పాత కమాండ్ పీఏసీఎండీ మాత్రం ఇక్కడ పనిచేయదు. డీఫాల్ట్ డాట్ పీఏను కూడా పైప్‌వైర్ చదవదు, దానికి సొంత కాన్ఫిగ్ ఫైళ్లున్నాయి. పాత గైడు చూసి ఆ ఫైలులో లైన్లు రాసి, ఎందుకు పనిచేయడం లేదా అని తల పట్టుకునేవాళ్లు మొదట ఇన్ఫో కొట్టి చూసుకుంటే సగం పూట మిగులుతుంది.

స్క్రిప్టులు రాసేవాళ్లకు తెలుగు వాడకంలోనే ఒక చిక్కు ఉంది. పీఏసీటీఎల్ చూపించే పూర్తి లిస్టు సిస్టం భాషను బట్టి మారుతుంది, పల్స్‌ఆడియోకు తెలుగు అనువాదం కూడా ఉంది. డెస్క్‌టాప్‌ను తెలుగులో పెట్టుకున్న మెషీన్‌లో కొన్ని వరుసల పేర్లు తెలుగులో రావచ్చు. ఇంగ్లిష్ మాటల కోసం వెతికే స్క్రిప్టు అక్కడ ఏమీ దొరక్క ఊరుకుంటుంది. తెలుగు డెస్క్‌టాప్‌ను మార్చుకోనక్కర్లేదు. స్క్రిప్టు మొదట్లో భాషను నిర్ణయించే «ఎల్‌సీ ఆల్» అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువను «సీ» అని పెడితే ఆ స్క్రిప్టుకు మాత్రం ఇంగ్లిష్ వరుసలే వస్తాయి. 2022లో వచ్చిన 16.0 వెర్షన్ నుంచి ప్రోగ్రాములు సులువుగా చదివే జేసన్ రూపంలో అడిగే ఆప్షన్ కూడా ఉంది, అది ఇంకా నమ్మకమైనది.

ఎక్కించిన మాడ్యూల్‌ను దించడం కూడా అలవాటు కావాలి. లోడ్ చేసినప్పుడు వచ్చిన నంబరును «పీఏసీటీఎల్ అన్‌లోడ్ మాడ్యూల్»కు ఇస్తే చాలు. నంబరు గుర్తులేకపోతే «లిస్ట్ షార్ట్ మాడ్యూల్స్»లో దొరుకుతుంది. దించాక రాస్ప్‌బెర్రీ పై మీద «ఎస్‌ఎస్» కమాండ్‌తో వింటున్న పోర్టుల లిస్టు తీసి చూడాలి. 4713 అందులో లేకపోతే తలుపు మూసుకున్నట్టే. ఇంకా ఉంటే, పక్కన ఏ అడ్రసు ఉందో చదవాలి. 127.0.0.1 ఉంటే అది సొరంగం కోసం ఉంచుకున్నది. 0.0.0.0 ఉంటే ఆ మెషీన్ ఇంకా నెట్‌వర్క్ మొత్తానికి తెరిచే ఉంది.